పరీక్ష రాయని లాయరు

మంగళవారం ఉదయం తొమ్మిదికి పెండిల్టన్ కోర్టులో డెనీస్ కార్ప్ చేత ఇల్లు ఖాళీ చేయించే కేసు విచారణకు వచ్చింది. డెనీస్ స్కూలు బస్సు నడుపుతుంది. ఆమె తరఫున బల్ల దగ్గర ఇద్దరు ఆడవాళ్లు కూర్చున్నారు. ఒకరు లాయరు. రెండోవారు లాయరు పరీక్ష రాయలేదు.

రాయనక్కర్లేదు. అమెరికాలోని ఓరెగాన్ రాష్ట్రంలో ఇప్పుడు ఇంకో దారి కూడా ఉంది. లా పట్టా చేతికి వచ్చాక, లైసెన్సున్న లాయరు కనుసన్నల్లో నెలల తరబడి అసలు కేసులు చేయాలి. ఆ పనిని పరీక్షకులు చూస్తారు. నచ్చితే లైసెన్సు ఇస్తారు, లేకపోతే లేదు. ఆ రోజు వాదన కూడా ఆ లెక్కలోదే.

ఓడిపోతే డెనీస్ ఇద్దరు పిల్లలతో శుక్రవారానికల్లా రోడ్డున పడుతుంది.

ఇనెస్ ఒకాంపో ఒళ్లో చేతులు ముడుచుకుని కూర్చుంది. చూసినవాళ్లెవరైనా ఆమెకు ఇరవై రెండేళ్లనుకుంటారు. పక్కన వెర్నా టిల్‌మన్. నెరిసిన జుట్టు, మెడలో తాడుకు వేలాడే కళ్లద్దాలు, అరిగిన తోలు సంచి.

ఇంటి యజమాని లాయరు గ్రాంట్ వెదర్‌బీ పోర్ట్‌లాండ్ నుంచి రావాలి. కనుమలో మంచు పడి ఆలస్యమైంది. ఆయన వచ్చేసరికి జడ్జి అందరి పేర్లూ రాయించుకుని, ఫోన్ వస్తే లోపలికి వెళ్లారు.

వెదర్‌బీ సంచి బల్ల మీద పెట్టి, ఆ ఇద్దరిలో ఒకరు పరీక్ష రాయలేదని తన గుమస్తా చెవిలో చెబితే విని, నేరుగా ఇనెస్ ముందుకొచ్చాడు.

"మీ కాలేజీ పత్రిక చదివానమ్మాయ్. ఈ ఏటి ఘనతలట. వాదనల పోటీలో కప్పు. పల్లెల్లో ఉచిత సలహా కేంద్రం. పరీక్ష రాయని లాయర్ల తొలి బ్యాచ్. మూడోది కూడా ఘనతేనా?"

"మా కాలేజీ అలాగే అనుకుంటోందండీ."

"నేను తిండీ నిద్రా మానుకుని చదివాను ఆ పరీక్షకి. దొడ్డిదారిన వచ్చినవాళ్లు నాకెదురుగా కూర్చుంటారా?"

"ఏ దారిన వస్తేనేం, కోర్టుకు చేరాం కదండీ. అదీ మీకంటే ముందు."

వెదర్‌బీ గుమస్తా నవ్వు ఆపుకోలేక తల వంచుకున్నాడు. వెర్నా ఇనెస్ వైపు వంగింది.

"నోరు మూయించనా?"

"వద్దు. మాట్లాడనివ్వండి."

జడ్జి హోల్డన్ తిరిగి వచ్చి కూర్చున్నారు. ఆయన ఫైలు తెరవకముందే వెదర్‌బీ లేచాడు. తన క్లయింటు ఆస్తి కాలేజీ పిల్లలు పని నేర్చుకోవడానికి పెట్టింది కాదన్నాడు.

"ఆ అమ్మాయి నోరు విప్పకూడదు. కేసు ఈ పెద్దావిడే వాదించాలి. ఈవిడ విషయంలో నాకే అభ్యంతరమూ లేదు."

జడ్జి కళ్లద్దాలు తీశారు. ఇద్దరు ఆడవాళ్ల వంకా చూశారు. ఆ తర్వాత వెదర్‌బీ వంక చూశారు.

"మొత్తం మిస్ టిల్‌మనే వాదించాలి. మిస్ ఒకాంపో మాట్లాడకూడదు. మీరు కోరేది అంతేనా?"

"అంతే. రికార్డులో రాయించండి."

"రాశారు. మిస్ ఒకాంపో, మీరేమంటారు?"

డెనీస్ చెయ్యి చాచి ఇనెస్ మోచెయ్యి పట్టుకుంది. ఇనెస్‌కు ఒక మాట నోటిదాకా వచ్చింది. మింగేసి లేచి నిలబడింది.

"నాకు సమ్మతమే, యువరానర్."

కూర్చుంది. ఇక నోరు విప్పలేదు.

వెర్నా లేచింది. చేతిలో కాగితం వణికింది. వయసు మీద పడింది పాపం అని వెదర్‌బీ గుమస్తాతో అనడం ఇనెస్‌కు వినపడింది. వెర్నా కాగితాన్ని బల్ల మీద బోర్లించి, ఉత్త చేతులతో సాక్షి దగ్గరకు నడిచింది. సాక్షి యజమాని ఇళ్లన్నీ చూసుకునే మేనేజరు.

"ఖాళీ చేయమన్న నోటీసు డెనీస్ చేతికిచ్చారా?"

"లేదు, పోస్టులో వేశా."

"పోస్టులో వేస్తే చట్టం ఇంకో మూడు రోజులు ఆగమంటుంది. ఆగారా?"

మేనేజరు వెదర్‌బీ వైపు చూశాడు. వెదర్‌బీ కాగితాలు తిరగేస్తున్నాడు.

"ఆగాలని నాకెవరూ చెప్పలేదండీ."

వెర్నా జడ్జి వైపు తిరిగింది. గడువు తీరకముందే వేసిన కేసు చెల్లదంది. అంతకుమించి ఒక్క మాట ఎక్కువ మాట్లాడలేదు. జడ్జి కేసు కొట్టేశారు. డెనీస్ ఇద్దరినీ కలిపి ఒకేసారి కౌగిలించుకుని, మధ్యాహ్నం బస్సు తీయాలంటూ పరుగెత్తింది.

వరండాలో వెదర్‌బీ వాళ్లను ఆపాడు. ఓటమిని దాచుకునే మనిషి కాదు. వెర్నాకు చెయ్యి అందించాడు.

"ఇంత శుభ్రంగా ప్రశ్నలడిగిన లాయరును ఈమధ్య చూడలేదు మేడమ్." ఇనెస్ వైపు తిరిగాడు. "చూశావా అమ్మాయ్? పరీక్ష రాసి పైకొచ్చినవాళ్లు ఇలా ఉంటారు. నేర్చుకో."

"ఈవిడ పని గురించి ఆ మాట పరీక్షకుల ముందు చెబుతారా?" అంది ఇనెస్.

"పరీక్షకులకెందుకు? సరేలే, ఎవరడిగినా చెబుతా."

మే తొమ్మిదిన రాష్ట్ర రాజధాని సేలంలో, అరవై మూడేళ్ల వయసులో, పరీక్ష రాయకుండానే లాయరుగా ప్రమాణం చేసింది వెర్నా టిల్‌మన్; ఆమెకు పని నేర్పిన లాయరుగా పక్కన నిలబడింది ఇనెస్.