ఎనిమిదో లోపం

నీలవేణి తప్పిపోయిన ఆదివారం సాయంత్రమే టీవీలో 'ఏడో గ్రహం' చివరి భాగం వచ్చింది. ఆ పిల్ల అది చూడలేదు.

అంతకు ముందు ఇరవై అయిదు వారాలు వరసగా చూసింది. పక్కింటి దర్జీ చోటే మియా ఇంట్లో కింద కూర్చుని, ఒళ్లో నోటుబుక్కు పెట్టుకుని చూసేది. రాకెట్టులో కొందరు భూమిని వదిలి వేరే గ్రహానికి పోయే కథ అది. పదేళ్ల నీలవేణి అందులో కనిపించిన తప్పులన్నీ రాసుకునేది.

ఆ ఆదివారం బడిపంతులైన తండ్రి ఐలేశం తన ఎనిమిదో తరగతి పిల్లలను కిరాయి బస్సులో కొల్లాపూర్ నుంచి అమ్రాబాద్ అడవి చూపించడానికి తీసుకెళ్లాడు. ఐదో తరగతి నీలవేణి నేనూ వస్తానని వెంటపడింది. టీవీ వేళకు ఇల్లు చేరుస్తానని ఆయన మాటిచ్చాడు.

తిరిగి బయలుదేరే ముందు, చేతిలో హాజరు రిజిస్టరుతో, ఐలేశం బస్సులో తలలు లెక్కపెట్టాడు. నలభై రెండు. మళ్లీ లెక్కపెట్టాడు. నలభై రెండు. సరిపోయింది. బస్సు కదిలింది.

అచ్చంపేటలో చాయ్ కోసం ఆగినప్పుడు నీలవేణి లేదు. ముందు సీట్లో తండ్రి దగ్గర ఉందని ఆడపిల్లలు అనుకున్నారు. వెనక ఆడపిల్లల దగ్గర ఉందని తండ్రి అనుకున్నాడు.

పదకొండు రోజులు అడవిలో వెతికారు. ఏమీ దొరకలేదు.

లెక్క సరిపోయింది కాబట్టి, లెక్క అయ్యాకే పిల్ల దిగి ఉంటుందని పోలీసులు రాసుకున్నారు. తలుపు గొళ్లెం పెట్టని క్లీనర్ కురుమయ్యదే తప్పని ఊరు తేల్చింది. కురుమయ్య ఒకసారి వచ్చి ఐలేశం కాళ్ల మీద పడ్డాడు.

"గొళ్లెం పెట్టిన్నో లేదో యాదికొస్తలేదు సార్. ఎంత యాది చేసుకున్నా వస్తలేదు."

ఐలేశం కాళ్లు వెనక్కి తీసుకున్నాడు. ఆ తర్వాత కురుమయ్యను ఎవరూ ఏ బస్సు మీదా పనికి పెట్టుకోలేదు. ఇప్పుడు గొర్లు కాస్తున్నాడు. దారిలో సారు ఎదురైతే మందను పక్కకు తోలి, తల వంచుకుని నిలబడతాడు.

ఏడేళ్లు గడిచాయి. ఒక మధ్యాహ్నం చోటే మియా పేపరు పట్టుకుని వచ్చాడు.

"సార్, గీ ముచ్చట చూసిండ్రా? 'ఏడో గ్రహం' మళ్ల కొత్తగ తీస్తరంట. పాతదాంట్ల తప్పులేందో, ఎట్ల సక్కజెయ్యాల్నో రాసి పంపుమంటున్నరు. మన బిటియా నీలవేణి నోటుబుక్కు ఉండాలె గద!"

నీలవేణి తల్లి కౌసల్య లేచి ట్రంకుపెట్టె తెరిచింది. ఏడేళ్లలో ఆమె దాన్ని తెరవడం అదే మొదటిసారి.

"దాని పేరు మీదనే పంపుండ్రి," అని నోటుబుక్కు భర్త ముందు పెట్టింది.

ఐలేశం తెల్లకాగితం తీసుకుని ఒక్కొక్కటే ఎత్తి రాశాడు. ఒకటి, గాలి లేని గ్రహం మీద జెండా రెపరెపలాడుతోంది. అంచులో తీగ పెట్టి కుట్టాలి. రెండు, రాకెట్టు ఎంత దూరం పోయినా కిటికీలో అవే చుక్కలు. చుక్కల పరదాను మెల్లగా వెనక్కి లాగాలి. మూడు, రాకెట్టును తిప్పే చక్రం కుట్టు మిషనుది.

"గది నేనే జెప్పిన," అన్నాడు చోటే మియా. "ముప్పై ఏండ్ల సంది మిషన్ తొక్కుతున్న, నాకు తెల్వదా? గా చక్రం పట్టుకొని గ్రహాలు తిరుగుడేంది సార్? దాంతోని లంగా అంచు కుట్టేసరికే నడుము పడిపోతది."

కౌసల్య నవ్వింది. నవ్విన తర్వాత కొంగుతో నోరు మూసుకుంది.

ఏడు లోపాలు పూర్తయ్యాయి. నోటుబుక్కులో మిగతా పేజీలు ఖాళీ.

"అన్నా, ఆఖరుకు ఏమైంది గా కథ?" అంది కౌసల్య. "గా దినం మేం చూడలేదు గద."

చోటే మియా ఐలేశం వైపు చూశాడు. "ఇప్పుడెందుకు చెల్లె, ఇడిసిపెట్టు."

"జెప్పు."

"కెప్టెన్ బిడ్డ గా గ్రహం మీదనే మిగిలిపోతది. ఆయన చూసుకోకుండ రాకెట్టు లేపుతడు. అంతే. ఎట్ల మర్సిపోయిండో ఏం జూపియ్యలె."

కౌసల్య ఏడవలేదు.

"అన్నిట్ల పెద్ద తప్పు గిదే," అంది. "కన్నతండ్రి చూసుకోకుండనే పోతడా? ఎనిమిదోది రాయుండ్రి. కదిలే ముంగట కెప్టెన్ అందర్ని లెక్కపెట్టాలె. మీరు రెండుసార్లు పెట్టలేదా, గట్ల. లెక్కైనంక తలుపు బందు చెయ్యనోడు ఒకడుండాలె. గప్పుడు ఎవరైనా నమ్ముతరు."

"అవ్ సార్," అన్నాడు చోటే మియా. "కురుమయ్య అసొంటోడు."

ఐలేశం ఎనిమిది అంకె వేశాడు. పక్కన చుక్క పెట్టాడు.

"రాయుండ్రి. టపా పొయ్యే యాళ్లయితాంది," అంది కౌసల్య.

తలలు లెక్కపెట్టిన తండ్రి కూడా బిడ్డను ఎలా వదిలి పోగలడో ఆ గదిలో ఆయనకొక్కడికే తెలుసు. కలం మూత పెట్టి, ఆ అంకె పక్కన ఏమీ రాయకుండానే కాగితాన్ని మడిచి కవరులో పెట్టాడు.

ఎనిమిదో తరగతి రిజిస్టరులో ఉన్నవే నలభై రెండు పేర్లనీ, నీలవేణితో కలిపి ఆ రోజు బస్సులో నలభై మూడు తలలు ఉండాలనీ ఐలేశం ఇంకా ఎవరికీ చెప్పలేదు.