బొగ్గుకూ బగ్గుకూ సంబంధం

“ఓపెన్ కాస్ట్ అని చెప్పి ఓపెన్ సోర్స్‌ను తోలుకొస్తవా అంతయ్యా?”

తోమాసు గొంతుకు ముందుగదిలో తిరుగుతున్న ఫ్యాను కూడా ఓ చుట్టు తప్పింది. మందమర్రి గనిలో పనిచేసి రిటైరైనవాడు. భూమి లోపలి నుంచి పైకి వినిపించడానికి తయారైన గొంతు అది. అతని కూతురు క్యాథరిన్ పెళ్లిచూపులకు వచ్చిన జాన్సన్, అతని తల్లి బుచ్చవ్వ, సంబంధం తెచ్చిన అంతయ్య, ముగ్గురూ ఒకే సోఫాలో సర్దుకుని కూర్చున్నారు. మాట సర్దుకోలేక అంతయ్య ఒక్కడే అవస్థ పడుతున్నాడు.

“ఫోన్ల సక్కగ ఇనవడలే తోమాసన్నా. ఓపెన్ అన్నరు. మందమర్రిల ఓపెన్ అంటే ఇంకేం యాదికొస్తది?”

యాదికి రాదు మరి. ఓపెన్ కాస్ట్ అంటే నేలను పైనుంచి తవ్వే బొగ్గు గని. అందులో కంపెనీ ఉద్యోగం చేసే అల్లుడంటే, ఆ ఊళ్లో, తవ్వి తెచ్చుకోవలసిన నిధి.

“మరి ఏం పని చేస్తవ్ బిడ్డా?” తోమాసు జాన్సన్ వైపు తిరిగాడు.

“కరీంనగర్ కాలేజీల కంప్యూటర్ పాఠాలు చెప్త మామా. మిగిలిన టైముల ఆటలు తయారు చేస్త. దేశదేశాలోల్లం కలిసి రాస్తం. ఎవ్వలైనా ఆడొచ్చు, ఎవ్వలైనా మార్చొచ్చు. అంత ఫ్రీ.”

“మామ అనకు, ఇంక కాలే. కష్టపడి చేసి ఫ్రీగ ఇస్తవా?”

“మీ ఓపెన్ కాస్ట్‌ల కాస్ట్ ఉన్నది మామా. మా ఓపెన్ సోర్స్‌ల కాస్టే లేదు.”

“నేను బొగ్గు తీసి ఇల్లు నిలబెట్టిన. నువ్వేం తీసినవ్?”

“బగ్గు తీసిన. ఆటల తప్పు దొరికితే దాన్ని బగ్గు అంటం. మీది బొగ్గు, మాది బగ్గు. మీకూ నాకూ నడుమ అడ్డమున్నది ఒక్క ఒత్వమే.”

చాయ్ తెచ్చిన క్యాథరిన్ ముఖంలో ఏ భావమూ లేదు. కప్పులిచ్చి, తండ్రి పక్కన పీట లాక్కుని కూర్చుంది.

జాన్సన్ లాప్‌టాప్ తెరిచాడు. తెర మీద రెండు గుట్టలు, నడుమ వాగు, వాగు మీద వంతెన. ఒక్కొక్కరికి ఒక్కో గుట్ట. బొగ్గు తవ్వాలి, పట్టాలు వేయాలి, కార్మికులకు క్వార్టర్లు కట్టాలి. ఎవరి వ్యాగన్లు ముందుగా స్టేషన్ చేరితే వాళ్లు గెలిచినట్టు. ఆట పేరు ‘గనివారం’.

“ఇయ్యాల ఆదివారం కదయ్యా,” అన్నాడు తోమాసు.

“గని కోసం వార్ మామా, అందుకే గనివారం. శని పట్టినా వదుల్తదేమో గని, గని పడితే వదలది. ఒక్క ఆట ఆడుండ్రి. నేను గెలిస్తే ప్రధానం పెట్టుకుందాం. ఓడితే మా ఊరు ఇచ్చోడకు బస్సెక్కి పోత.”

బుచ్చవ్వ ఉలిక్కిపడింది. “సోయి ఉన్నదార? పిల్లను పందెం పెడ్తవా?”

“పిల్లను కాదవ్వా, నన్ను పెడ్తున్న.”

“రాసింది నువ్వు. నాకు ఎలుక పట్టుడు కూడా రాదు,” అన్నాడు తోమాసు మౌస్‌ను అనుమానంగా చూస్తూ.

“ఎలుకను మీ బిడ్డ పడ్తది. మీరు హుకుం ఇయ్యుండ్రి. నాకు కీబోర్డు చాలు.”

ఆట మొదలైంది. తోమాసు చెప్పినచోట చెప్పినట్టు క్యాథరిన్ నొక్కుతూ పోయింది. ఎక్కడా తటపటాయించలేదు. తండ్రి తవ్వమంటే తవ్వింది, ఆపమంటే ఆపింది. జాన్సన్ మాత్రం సొంత పెరట్లో నడిచినట్టు నడిపాడు. అతని వ్యాగన్లు నిండాయి, వంతెన ఎక్కాయి. స్టేషన్ ఎదురుగా కనిపిస్తోంది.

వంతెన మధ్యలో రైలు ఆగింది.

జాన్సన్ నొక్కాడు. మళ్లీ నొక్కాడు. రైలు కదలలేదు.

“ఏమైంది?” అన్నాడు అంతయ్య.

“బగ్గు,” అన్నాడు జాన్సన్ చిన్నగా.

“మీదే కదా, తీసుకోండ్రి,” అంది క్యాథరిన్. వచ్చాక ఆమె అతనితో మాట్లాడిన మొదటి మాట అదే.

“ఆగినోని కోసం నేను ఆగ. తోలు బిడ్డా,” అన్నాడు తోమాసు. కూతురు తోలింది. తోమాసు వ్యాగన్లు గుట్ట చుట్టూ తిరిగి, దూరపు దారిన, ఊగుతూ తూగుతూ స్టేషన్‌లోకి వచ్చి నిలబడ్డాయి.

“బొగ్గు గెలిచింది, బగ్గు ఓడింది,” అని తోమాసు ప్రకటించాడు. కాలనీ అంతటికీ వేరే చెప్పే పని లేకపోయింది.

జాన్సన్ నవ్వుతూనే లాప్‌టాప్ మూశాడు. “మాట మాటే మామా. నడు అవ్వా, పోదాం.”

తోమాసు చెయ్యి మూసిన లాప్‌టాప్ మీదనే ఉండిపోయింది. “గంత జల్దేంది? జరసేపు కూసో. అవుతల గుట్ట కింది బొగ్గు అట్లనే ఉన్నది.”

“బస్సుకు టైమైంది.”

“ఒక్క ఆట. ఉత్తగనే, పందెం లేకుంట.”

“మీరే దించుకోండ్రి మామా, ఫ్రీయే కదా. ఇంట్ల కంప్యూటర్‌ల వేసుకుంటే అయిపాయె, నేనెందుకు?”

తోమాసు గది అంతా కలియజూశాడు. టీవీ ఉంది, కుట్టుమిషను ఉంది, గోడకు బైబిలు వాక్యాల క్యాలెండరు ఉంది. కూతురి వైపు దిగులుగా తిరిగాడు.

“మనింట్ల కంప్యూటర్ ఏడున్నదే?”

క్యాథరిన్ ఖాళీ కప్పులు ట్రేలో సర్దింది. లేచి, ఒక్కసారి జాన్సన్ వైపు చూసింది.

“మనింట్ల లేకుంటే ఏమాయె బాపూ, మా ఇంట్ల ఉన్నది కదా.”

ఆ ‘మా’లో తోమాసు లేడు.