చెరగని కాటుక

శ్రీ సిటీలోని కాస్మెటిక్స్ ల్యాబ్‌లో, పూజిత తను తయారుచేసిన కొత్త కాటుకను తన కళ్లకే పెట్టుకొని పరీక్షిస్తుండగా, అత్త పోయిందని నగరి నుంచి ఫోను వచ్చింది.

ఉన్నపళంగా వచ్చి, శవం మీద పడి సాయంత్రం దాకా ఏడ్చింది. కొంగుతో ముఖం తుడుచుకొని లేచింది. కాటుక చెక్కుచెదరలేదు.

"సూడండి, కంటి కాటుకైనా కరగలేదు! మాయమ్మ కోసరం ఒక్క సుక్క రాల్చిందా?" ఆడబిడ్డ ఉదయలక్ష్మి నలుగురిలో నిలదీసింది.

"నేను చేసిన కాటుక వదినా. ఎంత ఏడ్చినా చెరగదు."

"మంచి సాకే కనిపెట్టినావు!"

పదకొండో రోజు కర్మ ముగిశాక, ఉదయలక్ష్మి పూజితను వంటింట్లోకి పిలిచి తలుపు దగ్గరకు వేసింది.

"ఏడవకపోయినా కారే కాటుక ఒకటి చేసిస్తావా పూజితా? మా అత్త నేడో రేపో అన్నట్టుండాది."