ఏడో సభ్యుడు

"ఆగండి! ఆయన సంతకం చెల్లదు," అంటూ కార్యదర్శి గబుక్కున అధ్యక్షుడి చేతిలోని పెన్ను పట్టుకున్నాడు.

లేబర్ ఆఫీసర్ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. నలభై రోజుల సమ్మెకు మిల్లు యజమాని దిగొచ్చి, ఒప్పందం మీద సంతకం చేసి వెళ్లిపోయాడు. ఇక కార్మిక సంఘం కమిటీలో ఎవరో ఒకరు సంతకం చేస్తే చాలు. మెషిన్లకు ఇనప జాలీలు వస్తాయి. మెషిన్లో పడి చనిపోయిన ఫిట్టర్ భార్యకు ఉద్యోగం వస్తుంది. పాపం, ఆవిడ గోడవారగా బెంచీ మీద కూర్చుని పొద్దుటి నుంచి ఆ పెన్ను వంకే చూస్తోంది. ఐదింటిలోగా సంతకం పడకపోతే ఒప్పందం రద్దు.

నలభై రోజులూ సంఘం ఒక్క మాట మీద నిలబడింది. గెలిచాక ఆ అవసరం తీరిపోయింది.

"ఎందుకు చెల్లదు?" అన్నాడు ఆఫీసర్.

"ఈయన్నీ, ఈయన వర్గం ఇద్దరినీ నిన్న బహిష్కరించామండీ. ఇదిగో తీర్మానం."

"వీణ్నీ, వీడి మనుషులిద్దరినీ మేమూ నిన్ననే బహిష్కరించాం," అని అధ్యక్షుడు జేబులోంచి ఇంకో కాగితం తీశాడు.

"అసలు గొడవ దేనికయ్యా?"

"విజయోత్సవ బ్యానర్ మీద తన ఫొటో నాకంటే పెద్దది వేయించుకున్నాడండీ!"

"సిద్ధాంత విభేదాలు," అని సరిదిద్దాడు అధ్యక్షుడు.

ఆఫీసర్ రెండు కాగితాలూ తిరగేసి చూశాడు. "కమిటీలో ఏడుగురు. తీర్మానానికి నలుగురు కావాలి. మీకు చెరో ముగ్గురే ఉన్నారుగా?"

"ఏడో ఆయన మావాడు," అన్నాడు అధ్యక్షుడు.

"అబ్బో! ఎప్పుడూ మావాడే," అన్నాడు కార్యదర్శి.

"సరే. రెండింటి మీదా సంఘం ముద్ర ఉంది. రెండూ తీసుకోక తప్పదు. అంటే ఆరుగురూ పోయారు." ఆఫీసర్ కమిటీ జాబితా బయటికి తీసి, చివరి పేరు కింద వేలు పెట్టాడు. "ఈయన్ని మాత్రం ఎవరూ బహిష్కరించలేదు. ఇద్దరికీ కావలసినవాడే. ఇంకా పది నిమిషాలుంది, పిలిపించండి. సంతకం పెడతాడు."

అధ్యక్షుడు కార్యదర్శి వైపు చూశాడు. కార్యదర్శి కిటికీ వైపు చూశాడు.

ఫిట్టర్ భార్య బెంచీ మీంచి లేచి వచ్చి, వంగి జాబితా చూసింది.

"ఇది మా ఆయన పేరండీ," అంది.