యంత్రానికి దొరికిన మొదటి టైరు

“ఇంకింత ముందలికి రానియ్... రానియ్... ఆఁ, బస్! ఆపు!”

జలపతి చెయ్యెత్తగానే బండి రెండు ఇనుప స్తంభాల మధ్య ఆగింది. దాని ముందు చక్రాలు చిన్నవి. వెనక చక్రాలు మాత్రం జలపతి ఛాతీ దాకా ఉన్నాయి. అంత పెద్ద టైరు తన యంత్రం ముందుకు రావడం అదే మొదటిసారి.

డ్రైవర్ సామేలు సీట్లోంచి దిగలేదు. “అన్నా, గిప్పుడు గియ్యన్ని ఎందుకే? మా సారు ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నడు.”

“చెయ్యనియ్. నువ్వు రోడ్డు దిగుతుంటేనే చూసిన. ఎనక టైరు ఊగుతున్నది.”

కోరుట్ల రోడ్డు మీద ఆ యంత్రాన్ని ఎరగనివాళ్లు లేరు. ఎరిగి నవ్వనివాళ్లూ లేరు. స్తంభానికొక ఇనుప చెయ్యి, చేతి చివర ఒక సెన్సర్. ఆటో వస్తే చేతిని దించాలి, లారీ వస్తే ఎత్తాలి, టైరు ఎటుంటే అటు తిప్పి మర బిగించాలి. అప్పుడు టైరుకు తగిలిన దెబ్బలు తెర మీద ఎర్రగా కనిపిస్తాయి. కనిపించాలి మరి. షార్జాలో బస్సుల డిపోలో జలపతి ఆరేళ్లు చేసిన కొలువు ఆ చేతిని ఎత్తడం, దించడం. ఊరికొచ్చాక మాత్రం ఇంజినీరుగా చేశానని చెప్పుకున్నాడు. చెప్పుకున్న పాపానికి అదే యంత్రం తెచ్చి పెట్టుకోవలసి వచ్చింది.

పెట్టిన కొత్తలో టైరు పగిలిందని గోల చేసి ఒక పెళ్లి కారును ఆపాడు. తీరా చూస్తే ఎండిన పేడ. పెళ్లికొడుకే దిగి, పుల్లతో గీకి, మళ్లీ కారెక్కాడు. అప్పటినుంచి దారిన పోయేవాళ్లు “జలపతన్నా, టైరుకు జరమున్నదా?” అని పలకరించి మరీ పోతారు. జలపతికీ నవ్వొచ్చేది. పేడను పట్టడానికి షార్జా నుంచి విద్య నేర్చుకొచ్చిన మొనగాడు జగిత్యాల జిల్లా మొత్తంలో తానొక్కడే!

టైర్ల షెడ్డులోంచి భార్య రాజక్క ట్యూబుల మూటతో వచ్చింది. దాన్ని ట్రాలీ ఆటోలో పడేసి నడుం పట్టుకుంది.

“పొద్దటిసంది సామానంత నేనే మోస్తున్న. నువ్వేమో గా చెయ్యి ఎత్తుడు, దించుడు! ఏ బండికి చూడాల్నో, ఏ బండికి చూడొద్దో గదన్న తెల్వదా నీకు?”

“బండి ఏదైతేందే, నడిపేది మనిషే గదా,” అన్నాడు జలపతి. సామేలు వైపు తిరిగాడు. “ఏ ఊరు తమ్మీ?”

“గంభీరావుపేట. మొన్న సిరిసిల్లల పని, ఇయ్యాల ఈడ. రేపు జగిత్యాలకు తీస్కపోవాలె.”

“రోడ్డు మీద నడుపుకుంటనే? పిల్లలున్నరా?”

“ఇద్దరు బిడ్డలు.”

“చాయ్ తాగిపిద్దును గని, పక్కపొంటి కొమురమ్మ కొట్టు ఇయ్యాల లేదాయె.”

సామేలు తల దించుకున్నాడు.

జలపతి చేతిని పైకెత్తబోయాడు. అంత ఎత్తుకు అదెన్నడూ పోలేదు, మర తుప్పు పట్టి బిగుసుకుంది. రెంచీతో నాలుగు దెబ్బలు వేశాడు. ఐదో దెబ్బకు మర వదిలింది, చెయ్యి జారి ఆయన నెత్తి మీదే పడింది. సామేలు నవ్వాపుకోలేక కిందికి దిగాడు. ఇద్దరూ కలిసి దాన్ని ఎత్తి, వంచి, టైరు లోపలి పక్కకు తిప్పి బిగించారు.

తెర నిండా ఎరుపు.

జలపతి నమ్మలేదు. ముందు పుల్ల తెచ్చి గీకాడు. పేడ కాదు. తడిగుడ్డతో తుడిచాడు. మట్టీ కాదు. అరచేతి పొడవున కోత, దాని పక్కనే ఉబ్బు. వేలు పెడితే లోపలి దారాలు తెగి తగిలాయి.

“ఏమే, ఇటు రాయే! నిజంది దొరికింది! పేడ కాదే, నిజంది!”

అంత సంబరంగా అరిచి, సామేలు మొహం చూసి నాలుక కరుచుకున్నాడు.

రాజక్క వచ్చి వంగి చూసింది. కోపమంతా ఎటో పోయింది. “గీ టైరు మీదనా రేపు జగిత్యాల పోతుండె పిలగాడు?”

సామేలు ఫోన్ మోగింది. “ఇంకా మొదలుపెట్టలేదా?” అన్న అరుపు అందరికీ వినిపించింది.

“టైరు పోయింది సార్. మారుస్తున్న,” అన్నాడు సామేలు.

మార్చడానికి టైరేది? రాజక్క ట్రాలీ ఎక్కి, అప్పుడే కష్టపడి ఎక్కించిన సామాను మధ్యలోంచి ఎవరో ట్రాక్టరు రైతు అమ్మిపోయిన ఒక పెద్ద టైరును కిందికి దొర్లించింది. “ఇదే సైజున్నది, చూడుండ్రి.”

ముగ్గురూ చెమటలు కక్కుతూ టైరు మార్చారు. చివరి నట్టు బిగించాక సామేలు రెండు చేతులూ జోడించాడు.

“అన్నా... మాఫ్ చెయ్యి.”

“నువ్వేం జేసినవ్ తమ్మీ? నీ కొలువు నువ్వు చేస్తున్నవ్.”

జలపతి సెన్సర్లను విప్పి, పసిపిల్లల్లా రెండు చంకల్లో పెట్టుకుని, రాజక్క పక్కకు వచ్చి నిలబడ్డాడు. నెత్తి మీద బొప్పి కట్టింది. అయినా నవ్వు ఆగలేదు. “ఒక్కటన్న పట్టిందే,” అన్నాడు ఆమెతో. తర్వాత సామేలుకు చెయ్యి ఊపాడు. “ఇగ కానియ్!”

రోడ్డు వెడల్పు చేయడానికి వచ్చిన సామేలు జేసీబీ, మార్చిన టైరు మీద నిబ్బరంగా ముందుకు కదిలి, జలపతి షెడ్డు మీద మొదటి దెబ్బ వేసింది.