తొమ్మిదింటి మెయిల్

"రేపట్నుంచి మీరు రానక్కర్లేదండీ," అన్నాడు కొత్త మేనేజరు.

మూల కుర్చీలోని పెద్దాయన తలూపాడు. ఆఫీసులో అందరూ చాటుగా ఆయన్ని 'కుర్చీ కాపలా' అంటారు. ఆ సంగతి ఆయనకీ తెలుసు.

"అసలు మీరు చేసే పనేంటి?"

"బిల్డ్ చూసుకుంటానండి."

"అది ఆటోమేటిక్ కదా. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడమంటే ఇదే."

పెద్దాయన నొచ్చుకున్నాడు. సొరుగులోంచి ఒక కాగితం తీశాడు.

"ఏ ప్రాజెక్టుకి ఏ కంపైలరో, అది ఏ డైరెక్టరీలో ఉందో రాశానండి."

"అవన్నీ మెషీన్ చూసుకుంటుందిలెండి."

ఆయన ఆ కాగితాన్ని తన ముందు సీటు టెస్టరమ్మాయి బల్ల మీద, కప్పు కింద పెట్టి, క్యారేజీ సంచీతో వెళ్ళిపోయాడు. ఫోన్లో మాట్లాడుతున్న ఆమె తలెత్తలేదు.

అందరూ రాసిన కోడ్‌ని కలిపి ప్రోగ్రాంగా తయారుచేసే బిల్డ్ మెషీనంటే ఆమెకి ముద్దు. రోజూ సరిగ్గా తొమ్మిదింటికి దాని పేరుతో మెయిల్ వచ్చేది: 'బిల్డ్ అయింది. కులాసాగా పని మొదలుపెట్టండి.'

చేరిన కొత్తలో సరదాకి జవాబు రాసింది: 'మెషీన్ గారూ, తిన్నారా?'

'తిన్నానమ్మా. మీరు?' అని వచ్చింది.

"దీనికి మర్యాద కూడా నేర్పారే," అంటూ అందరికీ చూపించి నవ్వింది. తిరిగి రాయలేదు. మెషీన్‌కి ఎవరు రాస్తారు?

మర్నాడు తొమ్మిదైంది, పదైంది. మెయిల్ రాలేదు.

తెర మీద ఎర్రటి అక్షరాలు: 'కంపైలర్ కనబడలేదు.' రాసిన కోడ్‌ని ప్రోగ్రాంగా మార్చేదే అది. అది లేకపోతే పొయ్యి లేని వంటిల్లే.

మధ్యాహ్నానికల్లా ఆసుపత్రి గుండె మానిటర్లకి కొత్త ప్రోగ్రాం పంపాలి. పాతదానిలో అలారం ఒక్కోసారి మోగడం లేదు.

"ఆయనకి ఫోన్ చేయండి," అన్నాడు మేనేజరు, చెమట తుడుచుకుంటూ.

అందరూ ఫోన్లు వెతికారు. ఆయన నంబరు ఎవరి దగ్గరా లేదు.

టెస్టరమ్మాయి తన బల్ల మీది కప్పు ఎత్తింది. కింద పెద్దాయన కాగితం, నిండా గుండ్రటి అక్షరాలు. మూడు ప్రాజెక్టులకి మూడు కంపైలర్లు. మెషీన్ సెట్టింగులో మాత్రం ఒక్క డైరెక్టరీకే, అంటే ఒక్క కంపైలరుకే చోటు. ఒకటి అయ్యాక చేత్తో మార్చి, ఇంకోటి మొదలుపెట్టాలి. పొద్దున్నే ఏడింటికి కూర్చుంటే తొమ్మిదికి అవుతుంది. అడుగున, 'కంగారు పడకండి, అవుతుంది' అని ఉంది.

అలాగే చేసింది. పన్నెండున్నరకి ప్రోగ్రాం ఆసుపత్రికి చేరింది.

ఆమె మెయిల్ కోసం చూసింది.

"అన్నా, బిల్డ్ అయిందిగా, మెషీన్ మెయిల్ పెట్టలేదేం?" అని ఆఫీసు కంప్యూటర్లు చూసే సిస్టమ్స్ అతన్ని అడిగింది.

"దానికి మెయిల్ పెట్టడం ఎక్కడొచ్చు తల్లీ? ఆ అడ్రసు ఒక మనిషిది. నిన్న సాయంత్రమే మూసేశాం."

ఆమె పాత మెయిల్ తెరిచి, వెనక్కి తిరిగి ఖాళీ కుర్చీని చూసింది. 'తిన్నానమ్మా. మీరు?' అని నాలుగేళ్ళ కింద తనని అడిగింది మెషీన్ కాదు, రోజూ తన వీపు వెనకే ఒక్కడూ కూర్చుని క్యారేజీ విప్పుకున్న పెద్దాయన.