ఐదో అర్థం

"కింద ఎవరో పెద్దాయన వచ్చాడండీ. ఏదో మాట గురించి అడగాలట" అంది సహాయకురాలు మార్జరీ.

పిన్నక్ తల పట్టుకున్నాడు. యార్క్‌లో నిఘంటువు ఆఫీసు పెట్టిన పాపానికి వారానికో పండితుడు తగులుతున్నాడు.

పైకొచ్చిన పెద్దాయన టోపీ తీసి నవ్వుతూ నిలబడ్డాడు.

"ఎక్స్‌పెక్ట్ అనే మాటకు ఎన్ని అర్థాలు రాశారు సార్?"

"నాలుగు. ఎవరో వస్తారని ఎదురుచూడటం. ఏదో జరుగుతుందని తలచడం. ఫలానా పని చేసి తీరాలని కోరడం. కడుపుతో ఉండటం. చాలా?"

"ఊరికే 'అనుకుంటా' అనడానికీ వాడతాం కదండీ?"

"నోటితో అన్న మాట మాకు చెల్లదు. రాతలో ఉండాలి, తేదీతో సహా. అలాంటి వాక్యం రాసి పాఠకులు పంపిన చీటీ ఒక్కటీ రాలేదు."

పెద్దాయన జేబులోంచి పాత పోస్టుకార్డు తీశాడు.

"మా ఆవిడ రాసింది, 1911లో. 'నువ్వు కుక్కకు తిండి పెట్టడం మర్చిపోయావని ఎక్స్‌పెక్ట్ చేస్తున్నా' అని. నిజంగానే మర్చిపోయాను సార్!"

మార్జరీ పక్కున నవ్వింది. పిన్నక్ నవ్వలేదు.

"ఆ పేజీ ఎప్పుడో అచ్చుకెళ్లింది. ఈపాటికి యంత్రమెక్కి ఉంటుంది. మీరు అలిసిపోయారని ఎక్స్‌పెక్ట్ చేస్తున్నా, ఇంటికెళ్లి టీ తాగండి."

పెద్దాయన టోపీ పెట్టుకున్నాడు. తర్వాత మెట్లు దిగినంతసేపూ నవ్వుతూనే ఉన్నాడు.

తనేమన్నాడో అప్పుడు వెలిగింది పిన్నక్‌కి.

"మార్జరీ! ఆ అర్థానికి చీటీలు నిజంగా రాలేదా?"

"కట్టెడు వచ్చాయండీ! నేనే దారం కట్టి ఇక్కడ పెట్టాను."

అలమారలన్నీ గాలించారు. బీరువా వెనక చూశారు. చివరికి టీ బల్ల దగ్గర మార్జరీ చతికిలబడింది. బల్ల ఊగకుండా కుంటికాలి కింద పెట్టిన కాగితాల కట్ట అదే. అరవై చీటీలు.

"కాలు కింద పెట్టిందెవరు?"

"మీరేనండీ. టీ ఒలుకుతోందని."

పిన్నక్ కట్ట లాగి చీటీలు తిప్పి చూశాడు. ఊరంతా రోజుకు ఇరవైసార్లు వాడే అర్థం నిఘంటువులో లేకపోతే, పదమూడేళ్ల కష్టం నవ్వులపాలే. ఒక్క ఉదుటున ఫోనందుకున్నాడు.

"ఆపండి! యంత్రం ఆపండి! ఎక్స్‌పెక్ట్ పేజీలో ఒక అర్థం పోయింది!"

అవతల అచ్చాఫీసు మేనేజరు హాయిగా నవ్వాడు.

"కంగారుపడకండి సార్, ఇంకా మొదలే పెట్టలేదు. మీ నిఘంటువు మొదటి పేజీ నుంచీ అక్షరాలు పేరుస్తున్న మా ముసలి బార్నబీ, అయిదో అర్థం వచ్చేదాకా ఆ పేజీని ఎవరూ ముట్టుకోవద్దని పొద్దున్నే పక్కన పెట్టేసి, మీకు చెప్పడానికి తనే బయల్దేరాడు. ఇంకా రాలేదా?"